ముందు తల, తర్వాత ముఖం

ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం గీయడం చాలామందికి కొద్ది నెలల్లోనే పట్టుబడుతుంది. రెండు కళ్ళు సమానంగా, మధ్యలో ముక్కు, కింద నోరు, అటూ ఇటూ చెవులు. అదే మనిషి కాస్త తల తిప్పి కిటికీ వైపు చూశాడనుకోండి, లేదా ఒళ్ళోని ఫోన్ మీదికి తల వంచాడనుకోండి, అప్పటిదాకా చెప్పినట్టు విన్న పెన్సిల్ మొండికేస్తుంది. అవతలి కన్ను చెంప మీదికి జారుతుంది. ముక్కు ఒక వైపు చూస్తుంటే నోరు ఇంకో వైపు చూస్తుంది. చెవి ఎక్కడ పెట్టినా అతికించినట్టే ఉంటుంది. చెరిపి చెరిపి కాగితం నలుపెక్కాక, 'నాకు బొమ్మలు రావు' అని పుస్తకం మూసేస్తారు.

మీ చేతిలో లోపమేమీ లేదు. తేడా అంతా మొదలుపెట్టిన చోట ఉంది. మనం ఎదుటి మనిషిని చూసేది మాట కోసం, మనసు కోసం. అవి కళ్ళలో, పెదవుల్లో దొరుకుతాయి కాబట్టి చూపంతా అక్కడే ఆగిపోతుంది. నుదురు, నడినెత్తి, చెవి వెనక భాగం మనతో ఏమీ మాట్లాడవు గనుక వాటిని చూసీ చూడనట్టు వదిలేస్తాం. కాగితం మీద కూడా అదే జరుగుతుంది. కళ్ళు నుదుటి మీదికి ఎక్కుతాయి, తల పైభాగం కోసేసినట్టు పొట్టిగా మిగులుతుంది. అమెరికాలో చిత్రకళ బోధించిన బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో అచ్చయిన 'డ్రాయింగ్ ఆన్ ద రైట్ సైడ్ ఆఫ్ ద బ్రెయిన్' పుస్తకంలో, కొత్తగా నేర్చుకునేవాళ్ళ బొమ్మల్లో కనిపించే ఈ కోసుకుపోయిన పుర్రె గురించి ప్రత్యేకంగా రాసింది. అక్కడి విద్యార్థులకూ, మన దగ్గర డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారయ్యే పిల్లలకూ ఈ విషయంలో తేడా లేదు.

ఇప్పుడే అద్దం ముందుకు వెళ్ళి ఒక పని చేయండి. నడినెత్తి మీద స్కేలు అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి కంటికి, కంటి నుంచి గడ్డం కొసకు దూరం కొలవండి. పెద్దవాళ్ళలో రెండూ దాదాపు సమానం. కళ్ళు ఉండేది తల మధ్యలో. ఆ తర్వాత పక్క నుంచి ఎవరినైనా చూసి, నుదుటి నుంచి వెనక తల దాకా కొలవండి. పెద్దవాళ్ళ తల ఎత్తు సుమారు 22 సెంటీమీటర్లయితే, ముందు నుంచి వెనక్కి లోతు 19 దాకా ఉంటుంది, వెడల్పు మాత్రం 15 దగ్గర ఆగుతుంది. అంటే తల లోతు దాని వెడల్పు కన్నా ఎక్కువ. ఎదుటి నుంచి చూసినప్పుడు ఈ లోతు కనపడదు. తల పక్కకు తిరగగానే అది బయటికి వస్తుంది, దానికి మనం కాగితం మీద చోటు వదిలి ఉండం. ఇలా కొంత పక్కకు తిరిగిన ముఖం, అంటే ముప్పావు ముఖం, గీసేటప్పుడు జరిగే తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి.

కాబట్టి ఈ అధ్యాయంలో మిమ్మల్ని నేను అడిగేది ఒకటే. కళ్ళు, ముక్కు, నోరు గీయడాన్ని కొన్నాళ్ళు వాయిదా వేయండి. తల అనే ఘనవస్తువు ముందు కాగితం మీదికి రానివ్వండి. అది ఎటు తిరిగి ఉందో, మీరు దాన్ని ఏ ఎత్తు నుంచి, ఎంత దూరం నుంచి చూస్తున్నారో తేలాక, కన్ను ఎక్కడ పెట్టాలన్న సందేహం చాలావరకు దానంతటదే తీరిపోతుంది.

గుడ్డు మీద గీతలు

ఒక కోడిగుడ్డు ఉడకబెట్టి చల్లార్చండి. గుడ్డు ముట్టనివాళ్ళు బంకమట్టిని అదే ఆకారంలో చేసి ఆరబెట్టుకోవచ్చు. వెడల్పు భాగం పైన, సన్నటి భాగం కింద ఉండేలా పట్టుకుని, పై నుంచి కిందికి చుట్టూ ఒక గీత గీయండి. ముఖాన్ని రెండుగా చీల్చే మధ్యగీత అది. సగం ఎత్తులో అడ్డంగా చుట్టూ ఇంకో గీత, అది కళ్ళ గీత. దానికీ కింది కొసకూ నడుమ ముక్కు అడుగు గీత. ఆ ముక్కు గీతకూ కొసకూ మధ్య మూడో వంతు దిగాక నోటి గీత. రెండు పక్కలా, కళ్ళ గీతకూ ముక్కు గీతకూ మధ్య, చెవులకు గుర్తుగా చెరొక చుక్క పెట్టండి.

ఇప్పుడు గుడ్డును మీ కళ్ళ ఎత్తులో పట్టుకుని, ఒక కన్ను మూసి చూడండి. కళ్ళ గీత తిన్నగా కనిపిస్తుంది. గుడ్డు పై కొసను నెమ్మదిగా మీ వైపు వంచండి. తిన్నగా ఉన్న గీత మధ్యలో కిందికి దిగుతూ విల్లులా వంగుతుంది. చెవి చుక్కలు కళ్ళ కన్నా పైకి పోతాయి. గడ్డం వైపు గీతలు దగ్గర దగ్గరగా ముడుచుకుంటాయి, నెత్తి భాగం విశాలమవుతుంది. పై కొసను అవతలికి వంచితే అంతా తలకిందులవుతుంది. గీతలు మధ్యలో పైకి లేస్తాయి, చెవి చుక్కలు నోటి దాకా జారుతాయి, నుదుటికి మిగిలే చోటు తగ్గిపోతుంది. దీన్ని తిప్పి తిప్పి చూస్తూ, ఒక్కో భంగిమనూ కాగితం మీద గుడ్డు గుడ్డుగానే, గీతలతో సహా గీయండి. కాగితం నిండా ఇరవై గుడ్లు. కళ్ళు, ముక్కు వద్దు.

ఇది చిన్నపిల్లల ఆటలా అనిపించవచ్చు. కానీ తల పర్‌స్పెక్టివ్, అంటే చూసే చోటును బట్టి ఆకారం మారి కనిపించే తీరు, మొత్తం ఇందులో ఉంది. ఇటలీలో 15వ శతాబ్దపు చిత్రకారుడు, గణితవేత్త పియెరో దెల్లా ఫ్రాంచెస్కా పర్‌స్పెక్టివ్ మీద రాసిన గ్రంథంలో మనిషి తలను అడ్డంగా పొరలు పొరలుగా కోసినట్టు ఊహించి, ఒక్కో పొర అంచు మీద బిందువులు గుర్తించి, వంగిన తలలో ఆ బిందువులన్నీ ఎక్కడ పడతాయో ఓపికగా లెక్కగట్టి చూపించాడు. జర్మనీలో ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ మనిషి కొలతల మీద రాసిన నాలుగు భాగాల పుస్తకం ఆయన చనిపోయిన ఏడాది, 1528లోనే అచ్చయింది. వాళ్ళు లెక్కలతో సాధించినది మీరు గుడ్డు తిప్పి కంటితో చూస్తున్నారు.

మన దగ్గర కూడా ఈ ఆలోచన పాతదే. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలోని చిత్రసూత్రం, మనిషిని చూపే తీరును తొమ్మిది స్థానాలుగా విడదీస్తుంది. పూర్తిగా ఎదురుగా ఉండేది, కొంచెం తిరిగినది, పక్కకు తిరిగినది, వెనక నుంచి కనిపించేది, ఇలా. తిరిగిన కొద్దీ ఒక వైపు తరుగుతూ మరో వైపు పెరిగే తీరును క్షయవృద్ధి అని చెప్పింది. ఇక కొలతల సంగతికి వస్తే, మన శిల్పులు ముఖాన్ని 12 అంగుళాలుగా తీసుకుని నుదుటికి 4, ముక్కుకు 4, ముక్కు కింద నుంచి గడ్డానికి 4 ఇచ్చారు. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, విగ్రహం ఎత్తును బట్టి మారే కొలత. ఈ మూడు సమాన భాగాలను గుర్తుంచుకోండి, వెంటనే అవసరపడతాయి.

బంతి, దాని పక్కలు

గుడ్డు తర్వాతి మెట్టు అమెరికన్ ఇలస్ట్రేటర్ ఆండ్రూ లూమిస్ నేర్పిన పద్ధతి. 1939లో వచ్చిన 'ఫన్ విత్ ఎ పెన్సిల్'లోనూ, 1956 నాటి 'డ్రాయింగ్ ద హెడ్ అండ్ హ్యాండ్స్'లోనూ ఆయన దీన్ని వివరించాడు. గుడ్డులో లేనిదొకటి ఇందులో ఉంది. తలకు పక్కలు ఉన్నాయని ఇది గుర్తు చేస్తుంది. మన పుర్రె గుండ్రంగా ఉన్నా కణతల దగ్గర చదునుగా ఉంటుంది. రెండు అరచేతులతో మీ కణతలు నొక్కి చూసుకోండి, తెలుస్తుంది.

ఒక వృత్తం గీయండి. ఇది బంతి. దీని రెండు పక్కలనూ పలచగా కోసేసినట్టు ఊహించుకోండి. కోసిన చోట చదునైన వృత్తం మిగులుతుంది, దాని వెడల్పు బంతి వెడల్పులో సుమారు మూడింట రెండు వంతులు. తల ముప్పావు తిరిగి ఉన్నప్పుడు మనకు ఒక పక్క కోత మాత్రమే కనపడుతుంది, అదీ నిలువు దీర్ఘవృత్తంలా. బంతి నడుము చుట్టూ ఒక గీత తిప్పండి. అది కనుబొమల గీత. ముందు భాగంలో నిలువుగా మధ్యగీత గీయండి. పక్క కోత పై అంచు జుట్టు మొదలయ్యే ఎత్తును చెబుతుంది, కింది అంచు ముక్కు అడుగును చెబుతుంది. ఆ ఎత్తులను అక్కడి నుంచి ముందుకు, మధ్యగీత దాకా తీసుకురండి. కనుబొమల నుంచి ముక్కు అడుగుకు ఎంత దూరమో అంతే దూరం కిందికి మధ్యగీతను పొడిగిస్తే గడ్డం వస్తుంది. మన శిల్పుల మూడు భాగాలు ఇవే. పక్క వృత్తాన్ని నిలువుగా, అడ్డంగా నాలుగు ముక్కలు చేస్తే, వెనక వైపు కింది ముక్కలో చెవి కూర్చుంటుంది. చెవి దగ్గర నుంచి దవడ ఎముక దిగి, గడ్డం వైపు మళ్ళుతుంది.

కళ్ళు కనుబొమల గీత మీద కాదు, దానికి కాస్త కిందగా. ఈ ఒక్క మాట మరిచిపోయి కనుబొమల గీత మీదే కళ్ళు పెట్టేసేవాళ్ళను చాలామందిని చూస్తుంటాను. అప్పుడు మళ్ళీ మొదటికే వస్తుంది, నుదురు కుంచించుకుపోతుంది. ఇంకో సంగతి. చిన్నపిల్లల తలకు ఈ కొలతలు వాడకండి. పసివాళ్ళలో పుర్రె పెద్దది, ముఖం చిన్నది, కళ్ళు సగం గీతకు కిందుగా ఉంటాయి. పెద్దవాళ్ళ కొలతలతో గీసిన పాప ముఖం వయసు మీరిన మరుగుజ్జులా తయారవుతుంది.

ఈ బంతి పద్ధతిలో అత్యంత విలువైనది మధ్యగీత. తల ఎటు తిరిగిందో నిర్ణయించేది అదే. దాన్ని గుర్తించడానికి మన ముఖాలు చేసే సాయం అంతా ఇంతా కాదు. పాపిట, బొట్టు, ముక్కు కొన, పై పెదవి మీది సన్నటి గాడి, గడ్డం నడుమ: ఇవన్నీ ఒకే గీత మీద ఉంటాయి. ముప్పావు తిరిగిన ఆడమనిషి ముఖం గీస్తున్నప్పుడు ముందుగా బొట్టు ఎక్కడుందో చూడండి. బొట్టుకూ అవతలి కణత అంచుకూ మధ్య ఎంత చోటుంది, బొట్టుకూ ఇవతలి కణతకూ మధ్య ఎంత ఉంది? ఆ రెండు దూరాల నిష్పత్తి పట్టుకుంటే తల ఎంత తిరిగిందో తేలిపోయినట్టే. తిరునామం పెట్టుకున్న పూజారి ముఖం మీద మధ్యగీత తెల్లగా, ఎర్రగా గీసి సిద్ధంగా ఉంటుంది.

అడ్డగీతలకూ మనకు సాయం ఉంది. విభూతి మూడు రేఖలు నుదుటిని ఒక కణత నుంచి ఇంకో కణత దాకా చుడతాయి. అవి ఎలా వంగాయో చూస్తే తల వంగిందో, ఎత్తి ఉందో చెప్పేయవచ్చు. తలపాగా కింది అంచూ అంతే. పెళ్ళిపీటల మీద భాసికం కట్టుకుని తల వంచుకున్న పెళ్ళికూతుర్ని చూడండి. నుదుటి మీద భాసికం మధ్యలో కిందికి వంగి, దాని దారాలు చెవుల పైనుంచి పైకి ఎక్కుతూ వెనక్కి పోతాయి. గుడ్డును మీ వైపు వంచినప్పుడు కళ్ళ గీత చేసిన పనే అది. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళయితే మరీ మంచిది. జోడు ముందు భాగం తల ముందు తలాన్నీ, దాని కాడలు తల పక్కలనూ చూపిస్తాయి, కాడ చివర చెవి ఎక్కడుందో చెబుతుంది. తల పర్‌స్పెక్టివ్ నేర్చుకోవడానికి కళ్ళజోడు పెట్టుకున్న మనిషిని మించిన మోడల్ లేదని నా నమ్మకం.

కాదు, అవును, అలాగేలెండి

తల మూడు రకాలుగా కదులుతుంది. 'కాదు' అన్నప్పుడు అటూ ఇటూ తిరుగుతుంది. 'అవును' అన్నప్పుడు కిందికీ పైకీ ఊగుతుంది. 'అలాగేలెండి' అన్నప్పుడు ఒక భుజం వైపు ఒరుగుతుంది. బొమ్మ మొదలుపెట్టే ముందు ఎదుటి తలలో ఈ మూడింటిలో ఏవి, ఎంతెంత ఉన్నాయో నోటితో చెప్పుకోండి. 'ఎడమకు సగం తిరిగింది, కొంచెం వంగింది, ఒరగలేదు.' ఇలా పైకి అనుకోవడం వల్ల కన్ను వెతకాల్సింది ఏమిటో దానికి తెలుస్తుంది.

వీటిలో ఒరగడం చాలా సులువు. మధ్యగీత ఎంత ఒరిగితే అడ్డగీతలన్నీ అంతే ఒరుగుతాయి. మొదట్లో అందరూ చేసేదేమిటంటే, మధ్యగీతను ఒరిపి కళ్ళను మాత్రం నేలకు సమాంతరంగా ఉంచేస్తారు.

తిరగడంలో గమనించాల్సింది అవతలి వైపు. అది ఇరుకవుతుంది. ఇరుకవడంతోపాటు ముక్కు దూలం అవతలి కన్ను లోపలి మూలను కప్పేస్తుంది కూడా. బాగా తిరిగితే ముక్కు కొన అవతలి చెంప అంచును దాటి బయటికి పొడుచుకొస్తుంది. ఒక వస్తువు ఇంకోదాన్ని ఎక్కడ కప్పుతోందో చూపడం పర్‌స్పెక్టివ్‌లో గీతల కన్నా బలంగా పనిచేస్తుంది.

వంగడం, ఎత్తడం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. మీ ఎదుట అంతే ఎత్తులో ఉన్న మనిషి తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తున్నాడు. ఇంకో మనిషి వేదిక మీద తిన్నగా నిలబడి ఉన్నాడు, మీరు కింద నుంచి చూస్తున్నారు. తల వరకే కోసి చూస్తే రెండూ ఒకటే. రెండింటిలోనూ గడ్డం అడుగు కనిపిస్తుంది, ముక్కుపుటాలు కనిపిస్తాయి, కనుబొమలు పైకి విల్లెత్తుతాయి, చెవులు కిందికి దిగుతాయి. తేడా చెప్పేది మెడ. తల వాల్చిన మనిషి గొంతు సాగి, కంఠమణి ముందుకొచ్చి, వెనక తల మెడ వంపులోకి దిగిపోతుంది. వేదిక మీది మనిషి మెడ నిటారుగానే ఉంటుంది, అతని కాలరు కూడా తల గీతల్లాగే పైకి విల్లెత్తుతుంది. కాబట్టి తల గీశాక మెడను అలవాటుగా రెండు నిలువు గీతలతో సరిపెట్టకండి. పత్రికల్లో వేసే బొమ్మల్లో మెడ దగ్గర అబద్ధం ఆడిన బొమ్మ, ముఖం ఎంత అందంగా ఉన్నా, అరువు తెచ్చిన తల తగిలించినట్టు కనిపిస్తుంది.

ఇంకో సూక్ష్మం. గదికి ఒక కంటి మట్టం, అంటే చూసేవాళ్ళ కళ్ళ ఎత్తులో ఊహించుకునే అడ్డగీత, ఉంటుంది. గోడలు, బల్లలు, తలుపుల గీతలన్నీ దాని లెక్క ప్రకారం పారిపోతాయి. కానీ వంగిన తల గీతలు గది లెక్కకు లొంగవు. తలను ఒక పెట్టెలో పెట్టి, పెట్టెను వంచినట్టు ఊహించుకోండి. ఆ పెట్టె అంచులు దూరంలో కలిసే తమ సొంత బిందువుల వైపు పోతాయి. గదంతా సరిగ్గా గీసి, తలలను కూడా అదే లెక్కలో బిగించేస్తే మనుషులు కొయ్యబారిపోతారు.

మీరు ఎక్కడున్నారు?

నేల మీద నిలబడి సంతను చూస్తున్నారనుకోండి. మీ ఎత్తే ఉన్న మనుషులందరి కళ్ళూ, దగ్గరివాళ్ళవైనా దూరపువాళ్ళవైనా, ఒకే అడ్డగీత మీదికి వస్తాయి. అదే మీ కంటి మట్టం. మీరు కింద చాప మీద కూర్చుంటే ఆ గీత నిలబడినవాళ్ళ నడుముకో, అంతకన్నా కిందికో దిగుతుంది. అప్పుడు అన్ని తలలూ కింద నుంచి కనపడాలి, దూరం వెళ్ళే కొద్దీ తలలు ఆ గీత వైపు దిగాలి. డాబా ఎక్కితే గీత అందరి తలల పైకి పోతుంది, నడినెత్తులు కనిపిస్తాయి. కథకు బొమ్మ వేసేటప్పుడు ఒకే దృశ్యంలో ఒక తల కింద నుంచి, పక్క తల పై నుంచి చూసినట్టు పడిపోవడం చాలా మామూలు. పని మొదలుపెట్టే ముందు కాగితం మీద ఆ గీతను పలచగా గీసిపెట్టుకోండి, బొమ్మలో చివరికి అది కనిపించినా కనిపించకపోయినా.

కింద నుంచి చూసిన తలలను సాధన చేయడానికి మన ఊళ్ళంత అనువైనవి లేవు. ఏ కూడలికి వెళ్ళినా దిమ్మె మీద ఒక విగ్రహం ఉంటుంది. అది కదలదు, ఎంతసేపు గీసినా ఏమీ అనుకోదు. హైదరాబాద్ వాళ్ళకు ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరుసగా ఉన్నాయి. ఒక విగ్రహాన్ని దిమ్మె దగ్గర నిలబడి గీయండి. తర్వాత రోడ్డు అవతలికి వెళ్ళి అదే వైపు నుంచి మళ్ళీ గీయండి. దగ్గరగా ఉన్నప్పుడు బాగా వంగిన కనుబొమల గీత దూరం నుంచి దాదాపు తిన్నగా అయిపోతుంది. విగ్రహం ఎత్తు మారలేదు, మీరు తల ఎత్తాల్సిన కోణం మారింది. హుస్సేన్‌సాగర్ మధ్యలోని 58 అడుగుల బుద్ధుణ్ణి ఒడ్డు నుంచి ఒకసారి, పడవలో వెళ్ళి పాదాల దగ్గర నుంచి ఒకసారి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

వంగిన తలకు సాలార్‌జంగ్ మ్యూజియంలో మెఫిస్టోఫెలిస్, మార్గరెట్టా కొయ్య శిల్పం ఉంది. ఒకే దుంగలో ముందు వైపు నిటారుగా నిలబడ్డ మగమనిషి, వెనక వైపు తల వంచుకున్న అమ్మాయి, వెనకాల అద్దం. ఎత్తిన తల, వంచిన తల రెండూ ఒకే చోట దొరికే ఇలాంటి పాఠం అరుదు. గోదావరి జిల్లాలవాళ్ళు రాజమండ్రిలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళండి. 1925లో 28 ఏళ్ళు నిండకుండానే కన్నుమూసిన ఆ చిత్రకారుడి బొమ్మల ముందు నిలబడి, ఒక్కో తలలో మధ్యగీత ఎక్కడ పోతోందో గాలిలో వేలితో గీసి చూడండి. అందమైన బొమ్మ అని మెచ్చుకుని వెళ్ళిపోవడం కన్నా ఇది ఎక్కువ నేర్పుతుంది.

ఇక దూరం. తల గీయడానికి అయిదారు అడుగుల దూరంలో కూర్చోండి. సెల్ఫీ చూసి గీయకండి. 2018లో అమెరికన్ పరిశోధకులు లెక్కగట్టిన ఒక నమూనా ప్రకారం, 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు ఉన్నదాని కన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. 5 అడుగుల దూరంలో ఆ తేడా దాదాపు పోతుంది. మరీ దగ్గర నుంచి చూస్తే దగ్గరి భాగాలు ఉబ్బి, చెవులు వెనక్కి ముడుచుకుంటాయి. అది కూడా నిజమైన పర్‌స్పెక్టివే, కానీ మనం మనుషుల్ని గుర్తుపట్టే దూరం అది కాదు. మిలాన్‌లోని బ్రేరా గ్యాలరీలో ఉన్న మాంటెన్యా చిత్రంలో పాదాల వైపు నుంచి చూపిన క్రీస్తు దేహం ఉంది. పాదాలు మనకు దగ్గరగా ఉన్నా, లెక్క ప్రకారం ఉండాల్సినంత పెద్దగా వాటిని వేయలేదు. అలా వేస్తే ముఖం మరుగున పడేది. ఆ 15వ శతాబ్దపు చిత్రకారుడికి లెక్క బాగా తెలుసు, ఎక్కడ సడలించాలో కూడా తెలుసు.

ముఖం పెట్టే వేళ

బంతులు, పెట్టెలు చేతికి అలవాటయ్యాక ఒక రోజు కళ్ళు పెట్టండి. అవి కూడా ఘనవస్తువులే. కన్ను బాదంగింజ ఆకారపు గీత అనుకోకుండా, గుంటలో కూర్చున్న గోళీ అనుకుని, రెప్పలను ఆ గోళీని చుట్టిన పట్టీలుగా గీయండి. కింద నుంచి చూస్తే పై రెప్ప విల్లు ఎత్తు పెరుగుతుంది, పై నుంచి చూస్తే కింది రెప్ప వంపు పెరుగుతుంది. ముక్కుకు అడుగు తలం ఉందని మరవకండి. నోరు పళ్ళ వరుస గుండ్రతనం మీద చుట్టుకుని ఉంటుంది, కాబట్టి ముప్పావు ముఖంలో ఇవతలి సగం పొడవు, అవతలి సగం పొట్టి, అవతలి మూల లోపలికి తిరిగిపోతుంది. చిత్రకారుడు బాపు రెండు గీతల్లో ముక్కు, ఒక గీతలో చెంప తేల్చేసిన బొమ్మలు చూసి చాలామంది, అవయవాలు అంత తక్కువగా వేస్తే చాలనుకుంటారు. ఆ కొద్ది గీతలు నిలబడేది వాటి కింద తిరిగిన తల సరిగ్గా ఉండడం వల్లే.

ఇప్పుడు ఈ సాధనలో అందరికీ కష్టమనిపించే విషయం చెబుతాను. కొన్ని వారాల పాటు మీ దగ్గర ఎవరికీ చూపించడానికి ఏమీ ఉండదు. పేజీల నిండా గీతలు చుట్టిన బంతులే. ఇంట్లోవాళ్ళు తొంగిచూసి 'ఇవేంటి?' అంటారు. స్నేహితులు సినిమా హీరో ఫొటో చూసి గీసిన బొమ్మలు పెట్టి మెప్పు పొందుతుంటారు. అప్పుడు మీకూ ఫొటో మీద గళ్ళు గీసుకుని ఒక మంచి ముఖం దించేయాలనిపిస్తుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు, వారానికి ఒకటి దించండి. కానీ బంతుల పేజీ మానకండి. గళ్ళ ద్వారా వచ్చిన ముఖం ఆ ఒక్క ఫొటోకే పనికొస్తుంది. బంతిని ఎటు కావాలంటే అటు తిప్పగలిగిన చెయ్యి, ఫొటో లేని మనిషిని కూడా, కథలోని మనిషిని కూడా గీయగలదు. పేజీ మూలన తారీఖు వేసుకోండి. నెల కిందటి పేజీని తిరగేసి చూసుకున్నప్పుడు కలిగే ధైర్యం ఎవరి పొగడ్తా ఇవ్వదు.

ఖరీదైన కాగితం కొనకండి, పాడవుతుందనే భయం చేతిని పట్టేస్తుంది. న్యూస్‌ప్రింట్ దిస్తా, 2బీ పెన్సిల్ చాలు. రాత్రి ఇంట్లో టీవీ చూస్తున్నవాళ్ళను గీయండి. వాళ్ళ తలలు కాసేపు ఒకే తీరులో ఉంటాయి. ముందు బంతి, మధ్యగీత, కనుబొమల గీత, చెవి, దవడ, మెడ. ఇవి పడేలోపు వాళ్ళు లేచి వెళ్ళిపోయినా ఫరవాలేదు, అసలు పని అయిపోయింది.

పోలిక గురించి చాలామంది మొదటి రోజు నుంచే బెంగపడతారు. మూడు సమాన భాగాలు, సగంలో కళ్ళు అన్నవి సగటు మనిషివి. నిజమైన మనిషి ఎవరూ వాటికి సరిగ్గా అతకరు. మీ నాన్నగారి ముక్కు అడుగు భాగం కాస్త పొడవు కావచ్చు, మీ చెల్లెలి నుదురు పొట్టి కావచ్చు. సగటు గీతలు ముందు పడితేనే, ఈ మనిషి ఎక్కడ, ఎంత వాటిని దాటాడో కనిపిస్తుంది. ఆ దాటిన కొలతల్లోనే పోలిక ఉంటుంది. కాబట్టి పోలిక కోసం ముక్కును పదే పదే దిద్దకుండా, నుదుటికీ ముక్కుకీ గడ్డానికీ మధ్య ఉన్న ఖాళీలను పెన్సిల్ చాచి కొలిచి చూడండి.

బొమ్మ అయిపోయిందనుకున్నాక దాన్ని అద్దానికి ఎదురుగా పట్టుకుని చూడండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసి కుడిఎడమలు తారుమారు చేయండి. మీ కన్ను అలవాటుపడిపోయి క్షమించేసిన తప్పు అక్కడ బయటపడుతుంది. ఎక్కువసార్లు అది అవతలి కన్ను అవుతుంది, కొంచెం పైకో, కొంచెం బయటికో పోయి ఉంటుంది. దాన్ని ఒక్కదాన్నే చెరిపి పక్కకు జరపకండి. కనుబొమల గీతను పలచగా మళ్ళీ ఈ కణత నుంచి ఆ కణత దాకా తిప్పి, మధ్యగీత దాన్ని ఎక్కడ ఖండిస్తోందో చూసి, అక్కడి నుంచి అవతలికి కొలిచి పెట్టండి.